సంచిలో మొదటి పేరు

లిదుయీనాను ఆ పేరుతో పిలిచేవాళ్ళు మా ఊళ్ళో ఇద్దరే ఇద్దరు. ఒకరు వాళ్ళమ్మ, రెండోవారు పాదిరిగారు. మిగతా అందరికీ ఆమె సార్జెంటమ్మ. ఆ పేరు పెట్టింది అమెరికావాళ్ళు కాదు, మేమే. అట్లాంటిక్ సముద్రం మధ్యలో పోర్చుగల్‌కు చెందిన మా తెర్సెయిరా దీవిలో పుట్టినవాడికి జ్ఞానస్నానం ఒక్కసారే చేయిస్తారు గానీ పేరు రెండుసార్లు పెడతారు. రెండోదే చచ్చేదాకా ఉంటుంది.

ఆ రెండో పేరు ఆమెకు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. మా దీవి మీద అమెరికా వాయుసేన పెట్టుకున్న బేస్ వంటశాలలో నేను సరుకుల గదివాణ్ణి. పిండి, చక్కెర, వెన్న, గుడ్లు నా చేతి మీదుగానే పొయ్యిల దగ్గరికి వెళ్ళేవి. ఆమె రొట్టెల వైపు ఉండేది. కొత్తగా వచ్చిన కర్నల్ ఒకాయన వంటశాల చూడడానికి వచ్చి, అంతా బాగుంది బాగుంది అంటూ పోతూ పోతూ పెద్ద కేకు మీది మీగడలో వేలు పెట్టాడు. లిదుయీనా చేతిలో చెక్కగరిటె ఉంది. అది ఆయన వేళ్ళ మీద టప్పున పడింది.

"ముందెళ్ళి చేతులు కడుక్కురా!" అంది మా పోర్చుగీసు భాషలోనే.

ఆయనకు మాట అర్థం కాలేదు, సంగతి మాత్రం అర్థమైంది. బుద్ధిగా వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు. మేమంతా నవ్వాపుకోలేక సరుకుల గదిలో దూరి తలుపేసుకున్నాం. కర్నల్ మాట బేస్ అంతా వినాలి, కర్నల్ మాత్రం ఈవిడ మాట వినాలి అనుకున్నాం. సాయంత్రానికి ఆమె సార్జెంటమ్మ అయిపోయింది.

నా పేరు గ్వాల్తెర్. నా భార్య నన్ను తిట్టిన తిట్లన్నీ ఒక బస్తాలో పోస్తే, సార్జెంటమ్మ తిట్టినవి రెండు బస్తాలు నిండుతాయి. పిండి జల్లెడ పట్టకుండా ఇచ్చానని, గుడ్లు చల్లటివి తెచ్చానని, ఈల వేశానని, వేయడం మానేశానని. ఆమె నోరు పెద్దది. ఆమె చేసిన రొట్టె తిన్నవాడెవడూ ఆ నోటి గురించి రెండోసారి మాట్లాడేవాడు కాదు.

ఆమె పంతొమ్మిదో ఏట బేస్‌లో చేరింది, బంగాళాదుంపలు ఒలవడానికి. ఆ రోజుల్లో బేస్‌లో పని దొరికిందంటే పాదిరి ఉద్యోగం కన్నా గట్టిదనేవారు. మా నాన్న బేస్, మా బాబాయి బేస్, ఎదురింటాయన బేస్. ప్రాయా పట్నంలో మేడ కట్టినవాళ్ళందరూ అమెరికా కుటుంబాలకు అద్దెకివ్వడానికే కట్టారు. అమెరికావాడు తినే వేరుశనగ మేమూ తిన్నాం, వాడు తొడిగే పని బట్టలు మేమూ తొడిగాం, ఆఖరికి వాడు ఆ బట్టలకు పెట్టిన పేరు కూడా మా భాషలో కలిపేసుకున్నాం. వాడు పోతాడని మాత్రం అనుకోలేదు.

ఇంటి దగ్గర ఆమె మొగుడు అబీలియో. మంచివాడు. ఎద్దుకు తాడు కట్టి వీధిలోకి వదిలే ఆటలో తాడు పట్టే జట్టులో ఉండేవాడు. ఒకసారి తాడు ఎద్దును పట్టలేదు, ఎద్దే ఇతన్ని పట్టింది. అప్పటినుంచి కుడి మోకాలు వంగదు. బరువు పనులు చేయలేడు కాబట్టి ఊళ్ళో పండగలకు తారాజువ్వలు వేసే పని ఒప్పుకున్నాడు. అందులో పైసా రాదు, సంబరం మాత్రం వస్తుంది. ఇల్లు నడిచేది మొత్తం సార్జెంటమ్మ జీతం మీదే. ఆమెకు పింఛను రావడానికి ఇంకా ఏళ్ళున్నాయి.

బేస్ చిన్నదవుతోందని మాకు ముందు తెలిసింది వార్తల్లో కాదు. పుట్టినరోజు కేకుల్లో. అదివరకు వారం వారం పిల్లల కేకులు అడిగేవారు, ఏనుగు బొమ్మ, విమానం బొమ్మ అంటూ. ఒక ఏడు అవి సన్నగిల్లాయి. మరుసటి ఏడు అసలు లేవు.

"పిల్లల్ని రానివ్వట్లేదోయ్. పెళ్ళాం బిడ్డల్లేకుండా ఒంటిగా ఏడాదికొకణ్ణి పంపిస్తున్నారు. పిల్లలు లేని చోట ఎవరుంటారు ఎక్కువ కాలం?" అంది ఆమె, విమానం అచ్చు కడిగి గోడకు తగిలిస్తూ.

తర్వాత పెద్దవాళ్ళ మాటలు మొదలయ్యాయి. వాషింగ్టన్‌వాళ్ళు అన్నదేమిటంటే: ఒక కుటుంబాన్ని ఈ సముద్రం మధ్య ఉంచాలంటే ఇల్లు, బడి, ఆసుపత్రి, కొట్టు, వాటికి సరుకు తెచ్చే ఓడ, ఇన్ని కావాలి. ఇప్పటి విమానాలు మా దీవి మీద దిగకుండానే అవతలి ఒడ్డుకు పోతాయి. మరి దిగని చోట ఇంత ఖర్చెందుకు? లిస్బన్‌లోని మా సర్కారువాళ్ళు అన్నదేమిటంటే: ఒప్పందం ఉంది, స్నేహం ఉంది, మీకు యుద్ధం వచ్చినప్పుడల్లా మా రన్‌వే కావాల్సివచ్చింది, రేపు మళ్ళీ వస్తే ఏం చేస్తారు? దీవి పెద్దలు అన్నదేమిటంటే: ఇక్కడ బతుకంతా దీని మీదే ఉంది, ఒక్కసారిగా లాగేస్తే ఎలా? కాలిఫోర్నియాలో పాడి పెట్టుకున్న మా చుట్టాల ఓట్లు కావలసిన నాయకులు అక్కడ మా తరఫున గట్టిగానే మాట్లాడారు. అద్దెకిచ్చే మేడ లేనివాళ్ళు కొందరు మాత్రం, పోతే పోనీ, మనది మనకు మిగులుతుంది అన్నారు. నాకు ఒళ్ళు మండేది ఎవరి మీదా కాదు, అందరి మాటలోనూ కొంత నిజం ఉన్నందుకు. ఎవడో ఒకడు పచ్చి అబద్ధం చెబితే తిట్టుకుని హాయిగా ఉండేవాణ్ణి.

ఖర్చు చూసే బృందం ఒకటి వంటశాలకు కూడా వచ్చింది. అందులో ఒక నడివయసు అమెరికా ఆమె, చాలా మర్యాదస్తురాలు, ప్రతి వాళ్ళ దగ్గరా నిలబడి ఏం చేస్తారని అడిగింది. సార్జెంటమ్మ ఆమెకు దాల్చినచెక్క రొట్టె ఒకటి వేడివేడిగా చేతిలో పెట్టింది.

"బాగుందా?"

"చాలా బాగుంది," అంది ఆమె.

"అయితే నన్ను తీసేస్తారా?"

ఆమె నములుతున్నది ఆపేసింది. ఆమె కూడా మనిషే పాపం. "అది నా చేతిలో లేదమ్మా. నేను కూడిక చేసి పైకి పంపుతాను, అంతే," అంది.

"పైవాళ్ళేమో కిందికి పంపుతారు. మధ్యలో ఎవరి చేతిలో ఉంటుందో అది?" అంది సార్జెంటమ్మ. కోపంగా కాదు. ఇంకో రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చి పంపింది.

అది చివరికి మా చేతిలోకే వచ్చింది. వాషింగ్టన్ ఒక అంకె చెప్పింది, లిస్బన్ దాన్ని కాస్త బేరమాడింది, బేస్ దాన్ని విభాగాల వారీగా పంచింది. వంటశాలలో పదమూడు మందిమి ఉంటే ఐదుగురు తగ్గాలన్నారు. ఎవరినీ గెంటేయరట. రెండు వైపులా ఇష్టపడి సంతకం పెట్టి, చేతిలో కొంత సొమ్ము పుచ్చుకుని వెళ్ళాలట. అలా ఎవరూ ముందుకు రాకపోతే మాత్రం చట్టం ప్రకారం చివర చేరినవాళ్ళు పోతారు. పింఛను దగ్గరపడ్డ నలుగురు సంతకాలు పెట్టేశారు. ఇంకొకరు కావాలి.

చివర చేరింది నేలియా. సన్నగా, మాట వినపడీ వినపడకుండా మాట్లాడే పిల్ల. సార్జెంటమ్మ దగ్గరే పిండి పిసకడం నేర్చుకుంది. మొగుడు బేస్ గోదాములో పనిచేసేవాడు, మొదటి విడతలోనే అతని ఉద్యోగం పోయింది. చంటిబిడ్డ ఉన్నాడు. ఆమె పేరు ఎవరూ అనలేదు. మేమంతా ఆ వారం ఆమెతో మరీ మంచిగా మాట్లాడాం. అది చూస్తే నాకే అసహ్యమేసింది.

శుక్రవారం పని అయ్యాక సార్జెంటమ్మ బల్ల మీద గరిటెతో కొట్టింది.

"ఒక మాట చెబుతా వినండి. ఊళ్ళో కిరీటం ఎవరింటికి పోవాలో ఎలా తేలుస్తాం? చివర పుట్టినోళ్ళకిస్తామా?"

"చీటీలు తీస్తాం," అన్నాను.

"ఇదీ అలాగే తీద్దాం. తొమ్మిది మందిమి, తొమ్మిది పేర్లు. దేవుడు ఎవరి పేరు తీస్తే వాళ్ళది."

మా వాళ్ళ గురించి తెలియనివాళ్ళ కోసం ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఏటా పెంతెకోస్తు పండగ తర్వాత ఊరి పవిత్రాత్మ సంఘం వాళ్ళు ఇళ్ళవాళ్ళ పేర్లు సంచిలో వేసి తీస్తారు. పేరు వచ్చిన ఇంటికి వచ్చే ఏడు వెండి కిరీటం వస్తుంది, వారం రోజులు ఉంటుంది. ఆ ఇంటివాళ్ళు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ రొట్టె, మాంసం, చారు పెట్టాలి. ఇల్లు గుల్లయ్యే గౌరవం అది. అయినా దానికోసం మొక్కుకుంటారు.

ఉర్బానోకు ఆమె మాట నచ్చలేదు. అతను మా కార్మికుల ప్రతినిధి, వంటశాలలో కసాయి పని. కత్తి పట్టినా మైకు పట్టినా ఒకేలా కోస్తాడు.

"సార్జెంటమ్మా, నీకు రాజకీయం తెలీదు. మనం ఒక్కణ్ణి కూడా తీయొద్దని కొట్లాడుతున్నాం. మనమే ఒక పేరు రాసి పళ్ళెంలో పెట్టి ఇస్తే ఇంక కొట్లాట ఏముంది? వాళ్ళు కోసినదానికి మనం సంతకం పెట్టినట్టేగా!"

"రెండేళ్ళుగా కొట్లాడుతున్నావు. వద్దన్నానా? ఆ జెండా పట్టుకుని నీ వెనక నడిచాను కూడా. ఇప్పుడొక్కటి చెప్పు. వచ్చే వారం లోపల పేరు పోకపోతే ఎవరి పేరు పోతుంది?"

ఉర్బానో పక్కకు చూశాడు. నేలియా పెనం తోముతూనే ఉంది, తోమిందే తోముతూ.

"మరి కొట్లాట నీది, కోత దానిదీనా? నీ కొట్లాట నువ్వు కొట్లాడు నాయనా, నీ వెనక మళ్ళీ నడుస్తా. చీటీ మాత్రం నీది కూడా సంచిలో పడాలి."

ఎవరూ కాదనలేకపోయారు. తొమ్మిదింటిలో ఒకటి కదా అని నేనూ మనసులో ధైర్యం చెప్పుకున్నాను.

ఆదివారం పూజ అయ్యాక మందిరం పక్కనున్న సంఘం హాల్లో కలిశాం. సంఘం పెద్ద వాల్దెమార్ మామను పెద్దమనిషిగా ఉండమన్నాం. ఆయన ఊరి చీటీల సంచే పట్టుకొచ్చాడు, ఎర్ర మఖమలు సంచి, బంగారు దారంతో పావురం బొమ్మ కుట్టింది. తొమ్మిది మందికే పని అనుకుంటే ఊరు ఊరంతా దిగింది. తలుపులు మూసుకునే అలవాటు మా ఊళ్ళో లేదు. మామూలుగా చీటీ చిన్నపిల్లలచేత తీయిస్తారు. ఆ రోజు ఏ తల్లికీ పిల్లను ముందుకు తోయడానికి చేతులు రాలేదు. మామే చెయ్యి పెట్టాడు.

కాగితం విప్పి, కళ్ళకు దూరంగా పట్టుకుని, ఏటా చదివినట్టే గొంతెత్తి చదివాడు.

"లిదుయీనా తొష్టె!"

ఆ సంచిలోంచి, ఆ గొంతులోంచి పేరు వినపడితే ఏం చేయాలో మా ఊరికి ఒకటే తెలుసు. హాలు మొత్తం ఒక్కసారిగా "వీవా!" అని జేకొట్టింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. బయట గుమ్మం దగ్గర అబీలియో నిలబడి ఉన్నాడు. ఊళ్ళో చీటీలు తీస్తున్నారంటే చాలు, దేనికని కూడా అడక్కుండా తారాజువ్వ చంకలో పెట్టుకుని వచ్చేస్తాడు. లోపలి అరుపు వినపడగానే అంటించేశాడు. తపస్సుకాలంలో, మాంసం ముట్టని రోజుల్లో, ఆకాశంలో ఢామ్మని పేలింది. కుక్కలన్నీ మొరిగాయి.

నేలియా పరుగెత్తుకొచ్చి సార్జెంటమ్మను కావలించుకుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. "నువ్వు మిగిలావక్కా! నువ్వు మిగిలిపోయావు! నీ పేరు బయటికొచ్చేసింది!"

"మిగలడమేంటి?" అన్నాడు ఉర్బానో. "పేరు వచ్చినోళ్ళు పోవాలి. అంతేగా?"

"ఎవరు చెప్పారు? వచ్చినోళ్ళు గట్టెక్కినట్టు. ఆఖరున సంచిలో మిగిలినోళ్ళు పోతారు. నేనట్టాగే అనుకున్నా," అంది పాత్రలు కడిగే ఒస్వాల్దా.

"ఆఖర్ది తేలేదాకా తొమ్మిదిసార్లు గుండె ఆగాలా మాకు? మొదటిది పోతుంది, కథ ముగుస్తుంది!" అన్నాడు ఉర్బానో.

అప్పుడర్థమైంది మా తెలివి. చీటీలు తీద్దాం అనుకున్నాం, సంచి తెచ్చాం, పెద్దమనిషిని పిలిచాం, ఊరంతా వచ్చింది. బయటికొచ్చిన పేరు పోవడానికా ఉండడానికా అన్నది మాత్రం ఒక్కరూ అడగలేదు. పుట్టినప్పటినుంచీ ఆ సంచిలోంచి వచ్చిన పేరుకు ఏం జరుగుతుందో అందరికీ తెలుసు కాబట్టి అడగాలని తోచలేదు. తెలిసింది ఎవరికి వాళ్ళకు వేరువేరుగా ఉందని ఇప్పుడు తేలింది. హాలు రెండు ముక్కలైంది. అరుపులు, వేళ్ళు చూపించుకోవడాలు. నిజం చెప్పాలంటే ఎవరికి ఏది లాభమో వాళ్ళు అటు ఉన్నారని కూడా అనలేను. సార్జెంటమ్మ ఉండాలని కోరుకునేవాళ్ళలో సంచిలో తమ పేరున్నవాళ్ళూ ఉన్నారు.

వాల్దెమార్ మామ సంచి మూతి బిగించి పట్టుకున్నాడు.

"నోళ్ళు మూయండి! ఇది ఎవురి ఆలోచన?"

అందరూ సార్జెంటమ్మ వైపు తిరిగారు.

"నువ్వే చెప్పమ్మా. నీ మనసులో ఏవుందో అదే రూలు. మొదటి పేరు పోద్దా, ఉంటదా?"

అంత నోరున్న మనిషి మాట్లాడకుండా నిలబడితే హాలుకే భయమేసింది. నేలియా ఇంకా ఆమె భుజం మీద తల పెట్టుకునే ఉంది. ఉంటుంది అని ఒక్క మాట అంటే చాలు. ఆమె జీతం, ఆమె ఇల్లు, ఆమె పొయ్యి, ముప్పై ఏళ్ళకు పైగా నిలబడ్డ ఆ బల్ల అన్నీ ఆమెవే. అబద్ధమని ఎవడూ అనలేడు. రుజువు ఆమె తలకాయలోనే ఉంది.

"మామా," అంది చివరికి. "ఈ సంచిలోంచి పేరొస్తే ఏమవుతుంది ఎప్పుడూ?"

"కిరీటం ఆ ఇంటికొచ్చిద్ది."

"ఖర్చు?"

"ఖర్చూ ఆ ఇంటికే వచ్చిద్ది."

"అంతేగా. ఇప్పుడు మాత్రం కొత్త రూలేముంది? ఈ ఖర్చు నాది. పోయేది నేను."

నేలియా తల ఎత్తింది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక "వద్దక్కా, వద్దు, ఆ రూలు కాదు, నువ్వలా అనుకోలేదు" అంటూ చేతులు పట్టుకుని ఊపేసింది. సార్జెంటమ్మ ఆమెను మెల్లగా బెంచీ మీద కూర్చోబెట్టి, మామ చేతిలోంచి సంచి తీసుకుని, మిగిలిన చీటీలు విప్పకుండానే హాలు మూలనున్న కట్టెల పొయ్యిలో వేసేసింది. ఆఖరున ఎవరి పేరు మిగిలేదో ఎవరికీ తెలియదు. నాదే అయి ఉండొచ్చు.

అప్పుడు అబీలియో కుంటుకుంటూ లోపలికొచ్చాడు, మొహం వెలిగిపోతూ.

"ఎవరి పేరొచ్చింది?"

"నీ పెళ్ళాందే," అన్నారెవరో.

"చెప్పలా! ఈసారి మనకే అని చెప్పలా!" అని, చుట్టూ మొహాలు చూసి ఆగిపోయాడు. "ఏంటి, ఎవరన్నా పోయారా?"

"నేనే పోయా. ఉద్యోగంలోంచి," అంది ఆమె.

"మరి తారాజువ్వ వేసేశానే!"

"వేశావుగా. ఇప్పుడు వెనక్కి దించు చూద్దాం."

ముందు నవ్వింది ఆమే. తర్వాత మేమంతా నవ్వాం. నవ్వుతుంటే నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి, తుడుచుకోలేదు. అందరూ అదే స్థితిలో ఉన్నారు.

మరి అలవాటన్నది ఎంత మొండిదో చూడండి. ఊళ్ళో కిరీటం ఒక ఇంటికని తేలగానే, ఆ ఇల్లు ఒంటిగా మోయలేదు కాబట్టి, అక్కడికక్కడే ఒక్కొక్కరూ లేచి తమ వంతు చెబుతారు. వెనక బెంచీలో పాడి పెట్టుకున్న ముసలాయన ఒకాయన, చెవులు సరిగా వినపడవు, జరిగిందేమిటో తెలుసుకోకుండానే లేచాడు.

"పాలు మా ఇంటినుంచి!"

ఎవరో ఆయన చొక్కా పట్టి కూర్చోబెట్టబోయారు. ఇంతలో ఒస్వాల్దా లేచింది. "కట్టెలు మావి," అంది, సార్జెంటమ్మ కళ్ళలోకి చూస్తూ. తను ఏమంటోందో ఆమెకు బాగా తెలుసు.

"పిండి నేను చూసుకుంటా. మా బావమరిదికి పిండిమర ఉంది," అన్నాను నేను.

"గుడ్లు."

"బండి మాది ఖాళీగానే ఉంటది, రొట్టెలు ప్రాయాకు వేసుకెళ్ళొచ్చు."

ఉర్బానో అందరికన్నా ఆఖరున లేచాడు. ఎర్రబడ్డ మొహంతో, మైకు లేకుండా, చిన్నగా అన్నాడు. "అనుమతి కాగితాలకు మునిసిపాలిటీ చుట్టూ నేను తిరుగుతా. తిరగడం నాకు అలవాటే."

"ఆగండాగండి! ఏంటిదంతా? పండగెక్కడిది ఇప్పుడు?" అంది సార్జెంటమ్మ.

వాల్దెమార్ మామ నడుముకు కట్టుకున్న తాళాల గుత్తిలోంచి పెద్ద ఇనుప తాళంచెవి ఒకటి ఊడదీశాడు. మందిరం వెనక సంఘం వాళ్ళ రొట్టెల పొయ్యి ఉంది. మూడు బండ్ల రొట్టెలు పట్టే రాతి పొయ్యి. పండగ వారాలు తప్ప ఏడాదంతా పిల్లులు పిల్లల్ని పెట్టుకోవడానికే పనికొచ్చేది.

"ఈ పొయ్యి ఏడాదిలో ఏడు వారాలు వెలుగుద్ది. తతిమ్మా రోజులు చల్లగా పడుండేదానికి ఖర్చెవురికి? సంఘానికే. నువ్వు వెలిగించు. పండగ రొట్టె ఊరికే చేసిపెట్టు, చాలు. మిగతాది నువ్వు అమ్ముకో."

ఆమె తాళంచెవి తీసుకుంది. ఏం మాట్లాడాలో తోచక నన్ను తిట్టింది. "అలా బొమ్మలా నిలబడతావేం, ఆ పిల్లకు కాసిని మంచినీళ్ళివ్వు!"

అది జరిగి చాలా ఏళ్ళయింది. అంతా బంగారంలా సాగిందని చెబితే అబద్ధం. మొదటి రోజు ఆమె అలవాటు కొద్దీ బేస్‌కు చేసినంత పిండి కలిపేసింది. మా ఊరు, పక్క ఊరు, ఆ పక్క ఊరు మూడు రోజులు రొట్టె తప్ప ఇంకేం తినలేదు. మొదటి చలికాలం ప్రాయాలో అద్దె మేడలన్నీ కిటికీలు మూసుకుని ఉంటే, కొనేవాళ్ళు లేక ఆమె పొయ్యి వారానికి మూడు రోజులే వెలిగింది. అబీలియో గడ్డం గీసుకోవడం మానేశాడు. తర్వాత మెల్లగా ఆ మేడల్లో వేరే మనుషులు దిగారు, సెలవులకు వచ్చేవాళ్ళు, లిస్బన్ నుంచి తిరిగొచ్చిన మావాళ్ళు. వాళ్ళకూ ఆకలేస్తుంది కదా. ఇప్పుడు ఆమె దగ్గర నలుగురు పనిచేస్తున్నారు, ఆ నలుగురిలో నేనొకణ్ణి. తర్వాతి విడతలో నా సంతకమూ పెట్టి వచ్చేశాను. ఇప్పటికీ పిండి జల్లెడ పట్టలేదనే తిట్టు తప్పలేదు. నేలియా బేస్‌లోనే రొట్టెల వైపు పెద్ద అయింది. ఆదివారాలు బిడ్డను చంకనేసుకుని వచ్చి మాతో పిండి పిసుకుతుంది. బిడ్డంటే ఇప్పుడు వాడికి నా భుజం అందుతోంది, అయినా ఆమెకు చంకనే ఉన్నట్టు.

బేస్ ఇంకా ఉంది, చిన్నదిగా. పెద్దవాళ్ళు ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఉర్బానో ఇంకా కొట్లాడుతూనే ఉన్నాడు, సార్జెంటమ్మ అన్న మాట ప్రకారం పొయ్యి ఆర్పేసి మరీ అతని వెనక జెండా పట్టుకుని నడుస్తోంది.

మొన్నొక రోజు పొయ్యి వేడెక్కే లోపల ఇద్దరమే కూర్చున్నాం. ఇన్నేళ్ళుగా నా గొంతులో ఉన్నది అడిగేశాను.

"నిజం చెప్పక్కా. ఆ రోజు చీటీలు తీద్దామన్నప్పుడు నీ మనసులో ఏమనుకున్నావు? పేరొచ్చినోళ్ళు పోవాలనా, ఉండాలనా?"

ఆమె చేతులకంటిన పిండి దులుపుకుంది.

"ఉండాలనే అనుకున్నా."

చేతిలోని జల్లెడ బల్ల మీద పెట్టేశాను.

"ఉండాలనే. వాల్దెమార్ మామ నా పేరు చదవగానే, అమ్మయ్య గట్టెక్కాను అనుకున్నా. దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నా లోపల."

"మరెందుకలా చెప్పావు?"

"ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది చూడు. నేను మిగిలానని సంతోషంతో ఏడ్చింది. తన పేరు ఇంకా సంచిలోనే ఉందని దానికి గుర్తు కూడా లేదు గ్వాల్తెర్. నాకు గుర్తుంది." లేచి పొయ్యి తలుపు తీసి, చెయ్యి లోపలికి పెట్టి వేడి చూసుకుంది. "చాలు మాటలు. ఆ రేకు ఇటివ్వు, పొయ్యి సిద్ధంగా ఉంది."